గట్టు మీది తంగేడు

2022 ఎండాకాలం. ఇబ్రహీంపట్నంలో ప్రైవేటు సర్వేయర్‌గా నాకది తొమ్మిదో ఏడు. కొంగరకలాన్ దగ్గర గుట్ట వాలులో ఎల్లమ్మక్కకు రెండెకరాల ఇసుక చెలక ఉంది. పక్క భూమి కొన్న వెంచర్ వాళ్లు జేసీబీతో చదును చేస్తూ మధ్య గట్టును కూడా గీకేశారు. హద్దు రాళ్లు మాయం. తన భూమిలోకి జరిగారని అక్క, లేదని వాళ్లు. కొలిచి తేల్చమని ఇద్దరూ కలిసే నన్ను పిలిచారు.

మా పనిలో టిపన్ అని పాత కొలతల పటం ఉంటుంది. ఏ రాయి నుంచి ఏ రాయికి ఎంత దూరమో అందులో ఉంటుంది. నేల మీద ఒక్క రాయీ లేకపోతే కొలత ఎక్కడ మొదలుపెట్టాలి? శాటిలైట్‌తో పనిచేసే నా డీజీపీఎస్ యంత్రం నేను నిలబడ్డ చోటు చెబుతుంది గానీ, నిజాం కాలంలో రాయి పాతిన చోటు చెప్పదు.

రెండు రోజులు ఎండలో తిరిగి విసుగొచ్చి, ఇద్దరూ చూపే హద్దుల మధ్య తేడాను చెరి సగం చేద్దామన్నాను. వెంచర్ మేనేజర్ వెంటనే సరే అన్నాడు. ఆ తొందర చూసైనా నాకు అనుమానం రావాల్సింది. ఎల్లమ్మక్క ఒప్పుకోలేదు.

"గట్టు మీద మా అత్త తంగేడు పెట్టింది తమ్మీ. మేకలు ముట్టయ్, మట్టి కొట్కపోదని. పైన గీకితే సావదది. ఒక్క వాన పడనియ్."

చెట్లను చూసి హద్దు పెట్టే సర్వేయర్ని ఎక్కడా చూడలేదని మేనేజర్ నవ్వాడు. నాకూ నామోషీ అనిపించింది. అయినా వానల తర్వాత మళ్లీ చూడాలని రాసి, ఇద్దరితో సంతకాలు పెట్టించాను.

జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక అక్క ఫోన్ చేసింది. వెళ్లి చూస్తే, వెంచర్ వాళ్లు తమ హద్దని పోసిన సున్నపు గీతకు అవతల, వాళ్ల వైపు పదిహేను అడుగులు లోపలికి, తంగేడు చిగుళ్లు బారుగా లేచి ఉన్నాయి. మొక్కలే హద్దని రాయలేను. కానీ ఎక్కడ తవ్వాలో తెలిసింది. వరుసకు ఈ కొసన తవ్విస్తే వేళ్ల మధ్య తల విరిగిన హద్దు రాయి. ఆ కొసన తవ్విస్తే ఇంకొకటి. రెండింటి మధ్య టేపు పట్టాను. టిపన్‌లోని అంకెతో అచ్చంగా సరిపోయింది.

మేనేజర్ కుక్కిన పేనులా సంతకం పెట్టాడు. నేను గీసిన వందల హద్దుల్లో నాకు అన్నిటికన్నా గర్వంగా ఉండేది ఆ ఒక్క గీతే.

ఎల్లమ్మక్క మాత్రం మెచ్చుకోలేదు. "సగం ఇయ్యమన్ననాడు నీ మీద మస్తు కోపమొచ్చింది. ఎవని భూమిల సగం?" అంది.

అప్పటి నుంచి ఏ గట్టు మీదా చెరి సగం అనలేదు. కొలవలేక అలసిపోయినవాడు చెప్పే మాట అది.