పేరు చెప్పొద్దన్న ఉత్తరం

లక్ష్మీపతిగారిది తెనాలి. 1964లో ఇంజినీరింగ్ చదువుకి పశ్చిమ జర్మనీలోని క్లాస్తాల్ వచ్చి, హార్జ్ కొండల్లో ఓ చిన్న మీడియం వేవ్ రేడియో కేంద్రంలో చేరి, అక్కడే రిటైరయ్యారు. ఆ కేంద్రం 1920ల్లో రెండు చెక్క స్తంభాలతో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దేశం రెండు ముక్కలై, దానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో సరిహద్దు కంచె లేచింది. అవతలి తూర్పు జర్మనీవాళ్ళు, తమ ప్రభుత్వానికి తెలిస్తే ముప్పని, కిటికీలు మూసుకుని, చప్పుడు తగ్గించి ఆ రేడియో వినేవారు.

2020 లాక్‌డౌన్‌లో ఊరి మ్యూజియంవాళ్ళు ఆ కేంద్రం చరిత్ర రాసివ్వమన్నారు. ఆయన చెబుతుంటే, ఆకెన్‌లో యూనివర్సిటీ మూతపడి వచ్చిన మనవరాలు సరయు టైపు చేసేది.

“తాతయ్యా, ఈ లెటర్ విడిగా ఉందేంటి? స్కాన్ చేయనా?”

“అది వద్దులేమ్మా.”

ఆమె అప్పటికే చదివేసింది. “‘దయచేసి నా పేరు, ఊరు చెప్పకండి’ అని రాశారు. మీరు రేడియోలో చెప్పలేదు కదా?”

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, జరిగింది చెప్పారు.

1971లో అవతలి బడిపంతులు ఒకాయన రాసిన ఉత్తరమది. అటునుంచి వృద్ధులను మాత్రం రానిచ్చేవారు. అలా వచ్చిన ఒక ముసలావిడ దాన్ని తెచ్చింది. ఇండియా ఇంజినీరు వచ్చాక మాట స్పష్టంగా వినిపిస్తోందని అందులో పంతులు మెచ్చుకున్నాడు. ఆ ఆదివారం ఉత్తరాల కార్యక్రమంలో లక్ష్మీపతిగారే మైకు ముందు కూర్చుని దాన్ని చదివారు. ఎంత దూరందాకా వినిపిస్తోందో అందరికీ తెలియాలనిపించింది. పేరూ ఊరూ చెప్పేశారు.

రెండు నెలలకి ఆ ముసలావిడే వచ్చి, “ఆయన్ని బడి నుంచి తీసేశారు. కోతమిల్లులో చెక్కలు మోస్తున్నాడు,” అని గుమ్మంలోనే చెప్పి వెళ్ళిపోయింది. ఆ సంగతి ఆయన ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

“మరి తర్వాత వెతకలేదా?”

“ఎక్కడని వెతకనమ్మా అనుకున్నాను.”

సరయు ఇంటర్నెట్‌లో వెతికి పది నిమిషాల్లో ఆ పంతులు కూతురు గుడ్రూన్ నంబరు పట్టుకుంది. కంచె తీసేసి అప్పటికి ముప్పై ఏళ్ళయింది. మనవరాలి వైపు చూడలేకపోయారాయన.

మర్నాడు ఫోన్‌లో జరిగిందంతా చెప్పి, క్షమించమన్నారు.

“నాన్న పోయి పద్దెనిమిదేళ్ళయింది,” అంది గుడ్రూన్. “చదివింది మీరేనని ఆయనకి తెలుసు. ఆ యాస ఇంకెవరికీ లేదు కదా.”

“ఈ పుస్తకంలో అంతా రాస్తున్నానండీ. మీ నాన్నగారి పేరు కూడా, గౌరవంగా...”

“ఆయన వద్దన్నారు. మళ్ళీ చెబుతారా?”

ఫోన్ పెట్టేసింది. ఈసారీ తన కోసమే ఆ పేరు వాడుకోబోయానని ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది.

పంతులు పేరు కొట్టేయించి, తన పేరు మాత్రం పూర్తిగా పెట్టి, చేసింది నాలుగు వాక్యాల్లో రాయించారు.

“ఇది మీ సొంత విషయం కదా, తీసేద్దామా?” అన్నారు మ్యూజియంవాళ్ళు.

“తీసేస్తే మొత్తం వెనక్కి ఇచ్చేయండి,” అన్నారు.

2021లో పుస్తకం అచ్చయింది. ఒక ప్రతి గుడ్రూన్‌కి రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. అందినట్టు సంతకంతో రసీదు వచ్చింది. ఆమె ఏమీ రాయలేదు. ఇంకోసారి ఫోన్ చేద్దామని సరయు అంటే, లక్ష్మీపతిగారు వద్దన్నారు.