బాయిల ఎండ కొడుతదా?

ఇవాళ మన గోదావరిఖనిలో, గోదావరి ఒడ్డున ఒకాయన తలకు తువ్వాల చుట్టుకుని ఒంటరిగా కూర్చున్నాడు. పక్కన టిఫిన్ డబ్బా. డ్యూటీ వేళ ఇక్కడేం పనని నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఈ బుద్ధి మా అమ్మది.

బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో పెరిగిన దోస్తులారా, మీ ఇళ్లలోనూ ఇంతేనా? నాన్న డ్యూటీకి నాగా పెట్టాడేమోనని అమ్మ రోజూ కొంగు చివర మెలిపెట్టి ఆయన చెవిలో తిప్పేది. బొగ్గుపొడితో నల్లగా వస్తేనే అన్నం.

పక్కింటి రాజయ్య కాక బొగ్గుబాయిలో పైకప్పు కూలి చనిపోయాక కూడా కొంగు రోజూ నల్లగానే వచ్చేది. ఒకరోజు అమ్మ చూపు నాన్న మెడ మీద ఆగింది.

"మెడంత కమిలింది. బాయిల ఎండ కొడుతదా?"

నాన్న తల దించుకున్నాడు. "రాజయ్య పోయినంక దిగబుద్ధయితలేదే. గోదారి ఒడ్డున కూసుంటున్న. చెవులల్ల బొగ్గుపొడి నేనే పూసుకుంటున్న."

అమ్మ తెల్లారి డబ్బాతో పాటు తువ్వాల చేతికిచ్చింది. "తలకు సుట్టుకో."

ఆ సాయంత్రం కూడా అలవాటుగా చెవిలో కొంగు తిప్పింది. తెల్లగానే వచ్చింది.

అమ్మ అన్నం పెట్టింది.