ఊరి దగ్గు, ఆయన దగ్గు

కళ్లకు గంతలు కట్టి గుంటూరులో దించినా ఎక్కడున్నానో ఇట్టే చెప్పేస్తాను. హారన్లు ఏ ఊళ్లోనైనా ఒకటే గోల. మిరపకాయల సీజన్‌లో వీధి వీధంతా దగ్గడం మాత్రం మా ఊరికే చెల్లింది.

పెళ్లయి సింగరాయకొండ నుంచి మిర్చి యార్డు దగ్గరున్న ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, ఎవరు దగ్గినా "ఒంట్లో బాగాలేదా అండీ?" అని అడిగేదాన్ని. పడీపడీ నవ్వేవాళ్లు. "కొత్త కదా, అలవాటైపోద్దిలే" అంది పక్కింటావిడ. అయింది. గోడ అవతల దగ్గిందెవరో చూడకుండానే చెప్పేదాన్ని. ఎదురింటి మాస్టారు దగ్గేముందు గొంతు సవరించుకుంటారు. పక్కింటావిడ దగ్గుతూనే కోడల్ని తిట్టగలదు. అదేం విద్యో! ఈ సందడిలోనే మా ఆయన దగ్గూ కలిసిపోయింది.

కిందటేడు అక్క గృహప్రవేశానికని సింగరాయకొండ వెళ్లి, కొన్నాళ్లు అక్కడే ఉండిపోయాం. ఓ మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. వరండాలోంచి దగ్గు వినపడింది. ఆగింది. మళ్లీ మొదలైంది.

"మరిదిగారికి ఆ దగ్గేంటే?" అంది అక్క.

"ఘాటక్కా. గుంటూరోళ్లందరికీ ఉండేదేగా" అని నవ్వేశాను.

"మీరొచ్చి ఇన్ని రోజులైంది. ఇక్కడ మిరపకాయలెక్కడున్నాయే?"

ఆ దగ్గును విడిగా వినడం అదే మొదటిసారి. లోతుగా, కఫంతో ఉంది. అది ఊరిది కాదు, ఆయనదే.

టీబీ అని తేలింది. గుంటూరు డాక్టరుగారు మందులు రాస్తూ తనూ దగ్గారు. ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను, ఏం చేయను! మందులు పూర్తయ్యాక, తగ్గిపోయిందన్నారు. దగ్గు మళ్లీ వస్తే మాత్రం వెంటనే రమ్మన్నారు.

ఇప్పుడు మళ్లీ సీజన్ వచ్చింది. నిన్న వంట చేస్తుంటే వీధి గుమ్మంలో ఆయన దగ్గారు. గరిటె పడేసి పరుగెత్తాను. ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని, మిర్చి బస్తాలతో వెళ్తున్న లారీని చూపించారు.

"ఇది ఊరిదేనే, నాది కాదు" అన్నారు.

అవతల మాస్టారూ దగ్గుతున్నారు. అయినా లారీ మలుపు తిరిగి, వీధంతా సద్దుమణిగేదాకా అక్కడే నిలబడ్డాను. ఆయన మళ్లీ దగ్గలేదు.