ఎట్ల వచ్చింది?

మా బిడ్డకు బీఎడ్‌లో సీటొచ్చింది, చేరాలో వద్దో రేపటికల్లా తేల్చాలి. దేన్నైనా కూడి, తీసివేసి చూసుకునే నాకు ఈ లెక్క తేలడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే కొత్తకోట సర్కారు బడి లెక్కల సారు కళ్లముందుకొస్తాడు.

పిల్లలు సరైన జవాబు చెప్పినా ఆయన వదిలేవాడు కాదట. "జవాబు సరే, ఎట్ల వచ్చింది?" అంటూ జేబులోంచి సుద్దముక్క తీసి వాళ్ల చేతిలో పెట్టేవాడట.

ఒక జూన్ నెలలో బడిబాట పేరుతో పిల్లల కోసం ఇల్లిల్లూ తిరుగుతూ మా గడపకొచ్చి, బిడ్డను పంపమన్నాడు. పక్కింటి వదిన ఊరుకోలేదు.

"మీ పిలగాడు ప్రైవేటు బడి బస్సెక్కుతడు గద సారూ! మీకు మా పిల్లలే దొరికిండ్రా?"

ఆయన నవ్వేశాడు. "ఎక్కుతడమ్మా. మా ఇంట్ల నా మాట నడుస్తలేదు. గందుకే మీ ఇండ్లు తిరుగుతున్న."

ఆ నిజం చెప్పినందుకే బిడ్డను ఆయన బడికి పంపాను.

నిన్న బస్టాండులో కనిపించాడు. రిటైరయ్యాడట. "సార్, నేను గూడ టీచరైత," అంది బిడ్డ. ఆయనే ఏదో ఒకటి తేల్చేస్తాడని ఆశపడ్డాను.

"మన బడులల్ల పిల్లలే తగ్గుతున్నరు బిడ్డా. నీకు గీ జవాబు ఎట్ల వచ్చింది?"

"మీరు మా గడపకొస్తె వచ్చింది సార్."

ఆయన అలవాటుగా జేబులో చెయ్యి పెట్టి వెతుక్కున్నాడు. సుద్దముక్క లేదు.

లోపల బిడ్డ సర్టిఫికెట్లు సర్దుకుంటోంది. చేరమని నేనింకా అనలేదు. వద్దనడం మాత్రం ఇక నావల్ల కాదు.