ఈసీజీ గీతల మధ్య ఎడం

ఆరో తరగతికి భిన్నాలు చెబుతుండగా గుండె ఉన్నట్టుండి అదుపు తప్పింది. గబగబా రెండు కొట్టుకుని, కాసేపు ఏమీ లేక, మళ్లీ నాలుగు. కుర్చీలో కూలబడ్డాను. పావుగంటలో తగ్గింది. తిరువూరులో డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఈసీజీ నార్మల్. "గ్యాస్ అయ్యుంటుందమ్మా" అన్నారాయన.

ఆ నెలలో మరో మూడుసార్లు అదే వరస. మా ఆయన కూడా "ఊరికే కంగారు పడుతున్నావేమో" అన్నారు. చచ్చిపోతానన్న భయం కన్నా, ఎవరూ నమ్మకుండానే పోతానన్న భయం ఎక్కువైంది.

విజయవాడలో గుండె డాక్టరుగారు ఛాతీకి హోల్టర్ అనే, ఆగకుండా ఈసీజీ తీసే చిన్న మిషన్ తగిలించి ఒక రోజంతా ఉంచారు. మర్నాడు అందులోంచి తీసిన కాగితం నా ముందు పరిచారు.

"లెక్కల టీచరు కదా. ఈ పొడుగు గీతల మధ్య చిన్న గడులు లెక్కపెట్టండి."

పద్దెనిమిది, పదకొండు, ఇరవై మూడు, పధ్నాలుగు.

"సమానంగా లేవు. పైగా ప్రతి పొడుగు గీతకీ ముందు చిన్న గుట్టలా పీ వేవ్ ఉండాలి. అదీ లేదు. గుండె పై గదులు లయ తప్పి అదురుతున్నాయి, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటాం. గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోతే స్ట్రోక్ వస్తుంది."

రక్తం గడ్డకట్టకుండా బ్లడ్ థిన్నర్ మాత్ర రాశారు. రెండు నెలలకి చిగుళ్ల నుంచి రక్తం కనబడితే హడలిపోయి, ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేశాను. తొమ్మిదో రోజు పొద్దున కాఫీ గ్లాసు కుడిచేతిలోంచి జారిపోయింది. మా ఆయన్ని పిలవబోతే మాట ముద్దగా వచ్చింది. ఆయన నన్ను కారెక్కించి విజయవాడ బయల్దేరారు. దారి పొడుగునా "నీ పేరు చెప్పు" అంటూనే ఉన్నారు. పేరు తెలుసు, నోరు తిరగడం లేదు. మైలవరం దాటాక చెప్పగలిగాను. ఆయన కారు పక్కకి ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చి, మళ్లీ నడిపారు.

"టీఐఏ, అంటే కాసేపట్లో తగ్గిపోయే చిన్న స్ట్రోక్. ఈసారికి వదిలింది" అన్నారు డాక్టరుగారు. "రక్తం కనబడితే నాకు ఫోన్ చెయ్యాలి గానీ మాత్ర మానకూడదు."

మూడేళ్లయింది. మాత్ర ఒక్క పూట తప్పలేదు. పాఠాలు చెబుతూనే ఉన్నాను. భయం మాత్రం పూర్తిగా పోలేదు. మెట్ల మధ్యలో ఆగి నాడి పట్టుకుంటాను. కిందటి నెల దడ మొదలవగానే దగ్గర్లోని ల్యాబ్‌కి నడిచాను. మిషన్‌లోంచి కాగితం వస్తుండగానే గడులు లెక్కపెట్టాను. ఎడాలు సమానంగా లేవు. ఈసారి ఫోన్‌లో డాక్టరుగారికి ఏం చెప్పాలో తెలిసింది.

మీకు చెప్పేది ఒక్కటే. దడ తగ్గాక తీసిన ఈసీజీ చూసి ఏమీ లేదనుకోకండి. దడ ఉండగానే, దగ్గర్లో ఎక్కడైనా సరే తీయించుకోండి. ఆ కాగితం మీద గీతలు కొన్నాళ్లకి వెలిసిపోతాయి. వెంటనే ఫొటో తీసి పెట్టుకోండి.