ఉల్లిపాయలు దాచిన మొహం

నా తోడల్లుడు అందగాడు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఒక పూట పట్టింది. మధ్యలో రెండుసార్లు లేచి మజ్జిగ తాగాల్సి వచ్చింది.

ఆయన మా ఆవిడ చెల్లెలి భర్త. ఆరడుగుల పైన ఇంకెంత పొడవో ఆ రోజు జుట్టు దువ్విన తీరును బట్టి ఉంటుంది. నవ్వితే బుగ్గ మీద సొట్ట పడుతుంది. ఆ సొట్టలో మా ఇంటిల్లిపాదికీ సరిపడా పప్పుచారు పోసుకోవచ్చు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి బాంబూఫ్లాట్ వచ్చే ఫెర్రీలో ఆయన కూర్చుంటే పడవ ఆయన వైపుకి ఒరుగుతుంది, జనమంతా అటే జరుగుతారు కాబట్టి. నేను కూర్చున్నా ఒరుగుతుంది. అవతలి వైపుకి.

నా మొహం కూడా చెప్పుకోదగ్గదే. కనుబొమ్మలు రెండూ చిన్నప్పుడే రాజీపడి కలిసిపోయాయి. పై పెదవి ఒక చివర కాస్త లేచి ఉంటుంది, ఇప్పుడే ఎవరినో ముంచి వచ్చినట్టు. అన్నిటికన్నా పెద్ద ద్రోహం ఎడమ కంటిది. మాట్లాడేటప్పుడు దాని రెప్ప తనంతట తానే సగం వాలుతుంది. పక్కింటి పెద్దాయన పోయాడని చెప్పినా కన్నుకొట్టి చెప్పినట్టుంటుంది. జెట్టీ దగ్గర సంచులు తనిఖీ చేసే వాళ్ళు గుంపునంతా వదిలేసి నా సంచి విప్పిస్తారు. అందులో దొరికిన వంకాయల్ని కూడా అనుమానంగా ఒత్తి చూస్తారు.

మా మామగారికి బాంబూఫ్లాట్ జెట్టీ పక్కనే కిరాణా కొట్టుంది. పెళ్లైన దగ్గర్నుంచీ నేను ఆ కొట్లోనే నడుం అరగదీసుకున్నాను. మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడ వచ్చిందంటే సరుకు దింపించేది నేను, ఏ బస్తాలో కుళ్ళు ఉందో దూరం నుంచే వాసన పట్టేది నేను. ఆ మధ్య మామగారు అవతలి ఒడ్డున, పోర్ట్‌బ్లెయిర్ షాదీపూర్‌లో రెండో కొట్టు తీసుకున్నారు. మెయిన్ రోడ్డు మీద, రెండు షట్టర్లు. అది నాదేనని నేను రాత్రిళ్ళు కలలో ఆ షట్టర్లు ఎత్తడం కూడా మొదలుపెట్టాను.

సరిగ్గా అప్పుడే తోడల్లుడుగారి టూరిస్టు బుకింగుల వ్యాపారం మునిగింది. టూరిస్టులు సముద్రాన్ని చూడ్డం మానేసి ఆయన్నే చూస్తుండటం వల్ల మునిగిందని మా మరదలు చెబుతుంది. ఏదైతేనేం, ఆయన సొట్టతో సహా మా కొట్లోకి దిగాడు.

మామగారు ఇద్దరినీ కూర్చోబెట్టారు.

"కొట్టు నడపడం ఏరు బాబూ, కొట్లో కూకోడం ఏరు. గిరాకీ ముందు మన మొహం సూస్తాది, తరవాతే కందిపప్పు సూస్తాది. రోజు ఇడిసి రోజు ఇద్దరూ ఇక్కడే గల్లా దగ్గిర కూకోండి. ఎవురి మొహం అచ్చొస్తే ఆళ్ళకే షాదీపూర్."

నేను మా ఆవిడ వైపు చూశాను, ఒక్క మాట నా పక్షాన అంటుందేమోనని.

"మరిదిగారు కూర్చుంటే కొట్టుకే కళొచ్చిందండీ" అంది.

"నేను కూర్చుంటేనో?"

చాలాసేపు ఆలోచించింది. "మీరు కూర్చుంటే భద్రంగా ఉంటాది."

కాపలా కుక్క గురించి కూడా ఇంతకన్నా తక్కువ ఎవరూ అనరు.

పోటీ మొదలైంది. ఆయన వంతు రోజున కొట్టు ముందు పెళ్లి సందడి. త్రాసు మీద ఆయన వేలు పొరపాటున ఆనించి పప్పు తక్కువ తూస్తే, "తరాజూ పురానా హో గయా క్యా భయ్యా?" అని ఆడవాళ్ళు త్రాసు పాతదైందని దాన్నే కోప్పడేవాళ్ళు. మెత్తబడిన టమాటాలు అంటగడితే "పాపం, ఆయనకేటి తెలుసు" అని ఇంటికి పట్టుకెళ్ళి పచ్చడి చేసుకునేవాళ్ళు. నా వంతు రోజున నేను గుప్పెడు ఎక్కువే వేసేవాణ్ణి. "ఫిర్ సే తోలో" అనేవాళ్ళు. రెండోసారీ ఎక్కువే తూగితే మరీ భయపడేవాళ్ళు. ఇంత ధారాళంగా ఇస్తున్నాడంటే ఇందులో ఏదో కలిపే ఉంటాడని ఒకావిడ బియ్యం అక్కడే అరచేతిలో పోసుకుని ఎండలో పెట్టి చూసింది. అందగాడు తప్పు చేస్తే దానికి సాకు జనమే వెతికిపెడతారు. నాలాంటివాడు మంచి చేస్తే అందులో మోసమూ వాళ్ళే వెతికిపెడతారు. రెండు చాకిరీలూ ఉచితమే.

సాయంత్రం ఆయన నా భుజం తట్టేవాడు. "మీరు కొంచెం నవ్వుతూ ఉండండి అన్నయ్యా."

ఒకరోజు నవ్వాను. ఒక పిల్ల ఏడ్చింది. వాళ్ళ నాన్న గొడవకొచ్చాడు.

ఇంక షాదీపూర్ ఆయనదే అని ఇంట్లో అందరూ నిశ్చయించుకున్నారు. మా మరదలు బోర్డు మీద రాయించడానికి రంగులు కూడా ఎంచుతోంది. అప్పుడు వానలు పట్టుకున్నాయి. సముద్రం పిచ్చెక్కినట్టు లేచింది, సరుకు ఓడ రాలేదు. ద్వీపాల్లో ఓడ రాలేదంటే ముందు ఉల్లిపాయలు మాయమవుతాయి, ఆ వెంటనే మనుషుల మర్యాద మాయమవుతుంది. పక్కనున్న చౌల్దారీ ఊరి రైతుల ఆనపకాయలూ బెండకాయలూ వస్తూనే ఉన్నాయి గానీ, ఉల్లిపాయ లేకుండా కూరేమిటని ఊరంతా సంతాపంలో మునిగింది.

మా ఉల్లి గంపలూ ఖాళీ. ఆ రోజు తోడల్లుడి వంతు. జనం వచ్చి అడిగారు. సొట్ట పడేలా విచారంగా నవ్వి "జహాజ్ నహీ ఆయా దీదీ" అన్నాడు. అంత ముచ్చటైన మొహం అబద్ధం ఆడదుగా. "అచ్ఛా భయ్యా" అని అందరూ వెనుదిరిగారు. మధ్యాహ్నానికి కొట్టు ముందు ఈగ కూడా లేదు.

మర్నాడు నేను. అవే ఖాళీ గంపలు. మొదట వచ్చినావిడ తెలుగావిడే, బజారంతటికీ పెద్ద నోరు.

"ఉల్లిపాయలున్నాయా?"

"లేవమ్మా, ఓడ రాలేదు" అన్నాను. నా ఎడమ రెప్ప తన పని తాను చేసింది.

ఆవిడ మొహం వెలిగిపోయింది. గొంతు తగ్గించింది. "సరే సరే, పట్టపగలు నడిబజార్లో ఎలా ఇస్తావులే. నేనిక్కడే కూకుంటాను." కూర్చుంది. ఊరికే కూర్చుంటే బాగుండదని రెండు సబ్బులు కొంది. వెనకొచ్చిన వాళ్ళకి కళ్ళతోనే ఏదో చెప్పింది. గంట తిరక్కుండా కొట్టు ముందు జనం కిక్కిరిసిపోయారు. బిస్కెట్లు, అగరొత్తులు, చీపుళ్ళు, ఎవరికీ అక్కర్లేని డాల్డా, అన్నీ పోతున్నాయి. నన్ను మంచి చేసుకోవాలిగా.

"భయ్యా, థోడా సా. ఘర్ మే మెహ్‌మాన్ హై." ఇంట్లో చుట్టాలున్నారని ఒకావిడ బతిమాలేది.

"నహీ హై దీదీ, సచ్ మే."

"హా హా, సమఝ్ గయీ" అని ఆవిడా తిరిగి కన్నుకొట్టేది.

ఓర్చుకోలేక గోదాం తలుపు బార్లా తెరిచాను. "చూడండి. ఒక్క పాయ కనిపిస్తే నా మీసం తీసేస్తాను."

అందరూ మెడలు సాచి చూశారు. ఖాళీ. అప్పుడు మన పెద్దనోరావిడ గుండెల మీద చెయ్యేసుకుంది.

"అమ్మో! ఐతే ఇంకో గోదాం ఉందన్నమాట."

"ఎక్కడుంటాది?" అన్నారు వెనకనించి ఎవరో.

"ఎక్కడేటి, షాదీపూర్‌లో కొత్త షట్టర్లు తీసుకున్నారు కాదేటి! అందుకే మూసి పెట్టినారు. ఆ మొహం సూస్తే తెలీట్లేదా?"

మధ్యాహ్నం ఫెర్రీకి సగం బాంబూఫ్లాట్ సంచులతో సహా అవతలి ఒడ్డుకి వెళ్ళింది.

ఆ మర్నాడు తోడల్లుడుగారు షాదీపూర్ కొట్టుకి రంగుల కొలతలు తీసుకుందామని మంచి చొక్కా వేసుకుని వెళ్ళాడు. మూసిన షట్టర్ల ముందు జనం బారులు తీరి ఉన్నారు. ఆయన సొట్ట చూపించాడు. లోపల ఏమీ లేవని ప్రమాణం చేశాడు. నమ్మారు. నమ్మి, ఆయన మీద జాలి పడ్డారు.

"ఇన్‌కో క్యా పతా" అన్నాడొకాయన. "వో దూస్‌రే వాలే కో భేజో. వో చోర్ జైసా ముహ్ వాలా."

ఈయనకేం తెలుసు, ఆ దొంగమొహం రెండోవాణ్ణి పంపమన్న ఈ మాట తోడల్లుడే ఇంటికొచ్చి చెప్పాడు, కాస్త బాధగా. తనని పొమ్మన్నందుకు బాధ, నన్ను దొంగ అన్నందుకు కాదు.

మామగారు భోజనం చేస్తున్నవారు చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. చాలాసేపు నా మొహాన్ని, కొనబోయే ఎద్దుని చూసినట్టు, అటూ ఇటూ చూశారు.

"సరుకున్న రోజు ఎవుడైనా అమ్ముతాడు బాబూ. ఇక్కడ సరుకు లేని రోజులే జాస్తి. సరుకు లేదని సెప్పినా ఎవుడూ నమ్మని మొహం దొరకడం మాటలు కాదు. షాదీపూర్ నీదే."

"మామయ్యగారూ, నేను పదిహేనేళ్ళుగా ఓడ సరుకు..."

"అదేం వొద్దు. ఆ కన్నుకి మాత్రం వైద్యం గట్రా సేయించకు."

నాకు కావలసిన కొట్టు నాకొచ్చింది. రావలసిన కారణానికి మాత్రం రాలేదు. మా ఆవిడ ఆ పూట పాయసం చేసింది. దాన్ని తాగుతూ నేను బాంబూఫ్లాట్‌నీ, షాదీపూర్‌నీ, మధ్యలో ఉన్న హార్బర్ నీళ్ళనీ, ఆ నీళ్ళలో చేపల్నీ మనసారా తిట్టుకున్నాను.

కొట్టు తెరిచిన వారానికి ఓడ వచ్చింది. గల్లా పక్కన ఉల్లిపాయలు నా ఎత్తు పోయించాను. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి, ఒక్కటీ మెత్తనిది లేదు. ఒక దీదీ వచ్చి ఆ గుట్టను చూసింది, నా మొహం చూసింది, సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"అచ్ఛా వాలా అందర్ హై న?" మంచివి లోపల దాచావుగా అని.

తీసుకో తల్లీ, ఇవే మంచివి, ఒకే ఓడ, ఒకే బస్తా అని చెప్పడానికి నోరు తెరిచాను. రెప్ప సగం వాలింది. ఆవిడ నవ్వింది. నా జీవితంలో పరాయి ఆడమనిషి నన్ను చూసి అంత నమ్మకంగా నవ్వడం అదే మొదటిసారి.

"దేఖ్‌తా హూఁ దీదీ" అని లోపలికి వెళ్ళాను. గోడకి ఆనుకుని తీరిగ్గా ఒక గ్లాసు నీళ్ళు తాగాను. అదే బస్తాలో మిగిలిన ఉల్లిపాయలు కాగితంలో చుట్టి, కొంగు చాటున ఇచ్చినట్టు ఇచ్చాను.

గుమ్మం దాటుతూ ఆవిడ పక్కావిడతో గొప్పగా చెప్పుకుంటోంది. ముందు గుట్టగా పోసినవి మామూలు వాళ్ళకట.