మా ఆయన చెక్కించిన ఫ్లైవీల్

కారు ఫ్లైవీల్ బరువు తగ్గించింది మా ఆయన. ఆ కారు ఆగిపోయిన ప్రతిసారీ మాటలు పడింది నేను. ఈ సంగతి ముందే చెప్పేస్తే కోపం కాస్త దిగుతుందనుకున్నాను. దిగలేదు.

మా ఇల్లు తిరుపతిలో. నా ఉద్యోగం శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో. కారు కొన్నదే నేను రోజూ వెళ్లి రావడానికి. చిన్న కారే గానీ టర్బో ఇంజన్. మా ఆయనకు బట్టల షాపు ఉంది, స్కూటర్ మీద వెళ్తాడు. ఆదివారం వస్తే మాత్రం కారు ఆయనది. చంద్రగిరి వైపు ఖాళీ రోడ్డు చూసుకుని తొక్కుతాడు. మిగతా రోజుల్లో ఫోన్లో కార్ల వీడియోలు చూస్తాడు. ఎవడో ఎక్కడో పందెంలో కారు పరిగెత్తిస్తే, వాడి ఇంజన్లో ఉన్నదల్లా మా ఇంజన్లోనూ ఉండాలి ఈయనకు.

క్లచ్ అరిగిపోయి కారును రేణిగుంట రోడ్డులో మెకానిక్ దగ్గర వదిలినప్పుడు, పనిలో పనిగా ఫ్లైవీల్‌ను లేత్ మీద పెట్టి చెక్కించేశాడు. నాతో ఒక్క మాట అనలేదు. ఫ్లైవీల్ అంటే ఇంజన్‌కూ క్లచ్‌కూ మధ్య తిరిగే ఇనుప చక్రం. స్విచ్ ఆపేశాక కూడా గ్రైండర్ రాయి కాసేపు తిరుగుతుంది చూడండి, అలా ఇంజన్ తిరుగుడును పట్టి ఉంచడం దాని పని. బరువు తగ్గిస్తే ఇంజన్ చటుక్కున లేస్తుంది, అంతే చటుక్కున పడిపోతుంది. అందులోనూ టర్బో. ఇంజన్ కొంత వేగం అందుకునేదాకా టర్బో నుంచి సాయం అందదు. అప్పటిదాకా బండిని కదిలించడానికి ఆ చక్రం బరువే ఆసరా. దాన్ని మా ఆయన ఇనుప రజనుగా రాలగొట్టించి పారేశాడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో తెలిసిందల్లా కారు ఆగిపోతోందని. మా ఫ్యాక్టరీ గేటు ముందు కొంచెం ఎత్తు. సెక్యూరిటీ వాళ్లు ఆపి, కార్డు చూసి, పొమ్మంటారు. నేను క్లచ్ వదిలీ వదలకముందే కారు ఒక్క కుదుపు కుదిపి చచ్చిపోయేది. వెనక నుంచి కంపెనీ బస్సు హారన్. నాతో కారులో వచ్చే ఇద్దరు ఆడవాళ్లు మొదట నవ్వారు. తర్వాత నా వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూడసాగారు. ఇంకొన్నాళ్లకు, ఆ బస్సే నయమని దానికి మారిపోయారు.

ఇంటికొచ్చి చెప్తే, "క్లచ్ మీద కాలు ఎట్ల పెట్టాల్నో తెలీదు నీకు. కారుకేమి, బంగారం మాదిరి ఉండాది" అనేవాడు. మా అత్త అది దిష్టి అని తేల్చేసింది. అమావాస్య వస్తే చాలు, చక్రాల కింద నిమ్మకాయలు, ముందర బూడిద గుమ్మడికాయ. బానెట్ ఎత్తి చూద్దామన్న మనిషి మాత్రం లేడు. మా ఇళ్లలో బండి ఆగితే తప్పు ఇంటి ఆడదాని కాలిది కావాలి, లేదా ఎదురింటి వాళ్ల కళ్లది కావాలి.

ఆడబిడ్డ కొడుకు పుట్టువెంట్రుకలు తీయించడానికి కొండకు బయల్దేరిన రోజు నేనే తోలతానని పట్టుబట్టాను. మా ఆయన పక్క సీట్లో, వెనక అత్త, ఆడబిడ్డ, పిల్లవాడు. అలిపిరి దగ్గర తనిఖీ కోసం బండ్లు బారులు తీరి ఉన్నాయి. కాస్త కదలాలి, ఆగాలి, మళ్లీ కదలాలి. కదిలినప్పుడల్లా కారు ఆగిపోయింది. వెనకవాళ్లు హారన్లు మోగిస్తున్నారు.

"దిగు మే," అన్నాడు మా ఆయన. "దిగు. పొద్దు పొయ్యేదాకా మమ్మల్ని ఈడనే పెట్టేటట్టుండావు."

అన్ని బండ్ల మధ్య, అందరూ చూస్తుండగా దిగాను. "కొండకాడికొచ్చి గూడా ఇదేం కర్మ మే" అంది అత్త. పిల్లవాడిని ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాను. ఆయన ఇంజన్ గోల పెట్టేదాకా తొక్కి, సగం క్లచ్ మీద లాక్కుపోయాడు. ఎందుకంత తొక్కాలో ఆయనకు తెలుసు. ఆ రోజు నుంచి తాళాలు ఆయన జేబులోకి, నేను బస్సులోకి.

నాకు కారు తోలడం వచ్చు. పెళ్లికి ముందు నుంచీ వచ్చు. అయినా నామీద నాకే అనుమానం పట్టుకుంది. క్లచ్ బిగింపులో ఏమన్నా తేడా ఉందేమో అడుగుదామని, సెలవు రోజున ఒక్కదాన్నే మెకానిక్ దగ్గరికి వెళ్లాను.

"క్లచ్‌కేమీ కాలేదక్కా," అన్నాడు. "ఫ్లైవీల్ లైట్ చేసినాం గదా, రోంత ఎక్కువ తొక్కి వదలాల. అన్న సెప్పలేదా?"

"లేదు."

"సెప్తే నువ్వు వద్దంటావని అన్నాడులే" అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. చక్రం చెక్కించినందుకు కాదు. అలిపిరిలో "దిగు" అన్నప్పుడు ఆయనకు అన్నీ తెలుసు, అందుకు.

ఏ బరువులు దొరుకుతాయని అడిగాను. కారుతో వచ్చే కంపెనీ బరువు ఉందట, దానికీ ఇప్పుడున్నదానికీ మధ్యరకం ఒకటి ఉందట. "అన్నను అడిగి సెప్పక్కా" అన్నాడు.

"రోజూ తోలేది నేను. నాకు గేట్లు, టోల్‌గేట్లు, ఆగి కదిలే రోడ్లు. కంపెనీ బరువే వెయ్యి."

"ఇంజన్ ఇంత సురుగ్గా లేయదక్కా."

"లేయకపోనీ. మా ఇంట్లో పందేలకెవరూ పోరు."

నా ముందే ఆయనకు ఫోన్ చేశాడు. మా ఆయన షాపు వదిలి పరుగెత్తుకొచ్చాడు. "అంత బరువు పెడితే బండి బురదలో పండుకున్న ఎనుము మాదిరి అయిపోతాది" అన్నాడు.

"ఎనుమునే తోలుకుంటాను. నన్ను దించడానికి కారణం దొరకదు మీకు."

నేను అనుకున్నంత గొడవ చేయలేదు. "సరే, యేసుకో. దీనికింత రచ్చెందుకు" అన్నాడు. అప్పుడు నేను ఇంకొకటి అడిగాను. ఆ రోజు ఆగింది నావల్ల కాదని అత్తకు, ఆడబిడ్డకు ఆయనే చెప్పాలి. "అయిపోయినదానికి ఇప్పుడేంది మే" అని స్కూటర్ ఎక్కాడు. ఇనుము మార్చడానికి ఒప్పుకున్న మనిషి, మాట మార్చడానికి ఒప్పుకోలేదు.

కొత్త చక్రం పడ్డాక తాళాలు మళ్లీ నేను తీసుకున్నాను, కారు ఎక్కడా ఆగలేదు. తర్వాత చిత్తూరులో ఆడబిడ్డ ఇంటికి భోజనానికి ఆయన్నీ అత్తనూ ఎక్కించుకుని నేనే తోలుకెళ్లాను. అన్నాలు తింటుంటే ఆడబిడ్డ అంది, "తిరిగి పొయ్యేటప్పుడు అన్నను తోలమను వదినా. ఆ పొద్దు మాదిరి నడీరోడ్డులో నిలబెట్టేస్తావు." అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు.

ఆ నవ్వు నేను ఓర్చుకోలేకపోయాను. చెక్కించిన చక్రం సంగతి, నాకు చెప్పకుండా దాచిన సంగతి, అన్నీ చెప్పేశాను.

"నిజమేనా నాయనా?" అని అత్త కొడుకును అడిగింది.

"నిజమే లేమ్మా. అయితే ఏమిప్పుడు?"

అత్త నా వైపు తిరిగింది. "అట్లయినా మొగుణ్ని నలుగురిలో నిలదీయొచ్చునా మే?"

"నన్ను దించింది కూడా నలుగురిలోనే గదా అత్తా."

చెయ్యి కడుక్కుని, తాళాలు తీసుకుని, ఒక్కదాన్నే తిరుపతికి వచ్చేశాను. వాళ్లు బస్సులో వచ్చారు. గడపలో చెప్పులు విడుస్తూనే మా ఆయన, "నలుగురి ముందర నన్ను వదిలేసి వచ్చినావే, నా మర్యాద ఏం కావాల?" అన్నాడు.

"ఎట్ల ఉంటుందో తెలిసిందా?" అన్నాను.

నన్ను దాటుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆయన షాపుకు స్కూటర్ మీద వెళ్తాడు, ఆదివారం కూడా కారు అడగడు, ఇంట్లోనే ఉంటాడు. నేనూ కారులో రమ్మనలేదు.